మూడు మీటర్ల తూము: మెష్‌కి ముందు గీతలు శుభ్రం చేసే పని, దాని వెనుక 200 ఏళ్ళ కథ

ఈరోజు ఎపిసోడ్ ఒక తప్పుతో మొదలుపెడతాను. తప్పు నాదే.

ఉద్యోగం చేసే రోజుల్లో రెండేళ్ళు వరద మోడల్స్ తయారుచేసే ఒక కంపెనీలో ఉన్నాను. నదిలో ఎంత నీళ్ళొస్తే ఏ పొలం మునుగుతుంది, ఏ వీధి మునుగుతుంది అని కంప్యూటర్‌లో లెక్కవేసే పని. అందులో నా వంతుకి వచ్చింది ఎవరికీ అక్కర్లేని పని. సర్వేవాళ్ళు పంపిన గీతలు, పాలిగాన్లు శుభ్రం చేసి, మెష్ కట్టేవాళ్ళకి అందించడం. ఒకసారి మా ప్రాజెక్టు కోనసీమ మీద పడింది. మా అమ్మ పుట్టిల్లు అక్కడే. సంక్రాంతికి వెళ్ళినప్పుడు గొప్పగా ఫోన్ తీసి మా మావయ్యకి మ్యాప్ చూపించాను. "చూడండి మావయ్యా, కాలువ పొంగినా మీ పొలం వైపు చుక్క రాదు" అన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూశాడు. "బాగానే ఉంది గానీ అల్లుడూ, ఇందులో మన తూము ఏదీ?" అన్నాడు. "పోయిన ఏడు మోకాల్లోతు నీళ్ళు అందులోంచే కదా వచ్చాయి!"

మర్నాడు పొద్దున్నే వెళ్ళి చూశాను. కాలువ గట్టుకి పాత తూము. పైన కట్టడం ఎప్పుడో కూలిపోయింది. ఇప్పుడు అక్కడ మిగిలింది మూడు మీటర్ల ఖాళీ. మనుషులు దాటడానికి ఒక కొబ్బరి దుంగ వేసి ఉంది. సర్వే చేసినవాళ్ళు నిజాయితీగానే గీశారు. గట్టు గీత అక్కడ ఆగింది, మూడు మీటర్ల తర్వాత మళ్ళీ మొదలైంది. దాన్ని మూసేసింది నా స్క్రిప్టు. ఐదు మీటర్ల లోపు ఖాళీ ఏది కనబడినా పొరపాటనుకుని కలిపేయమని నేనే చెప్పాను దానికి.

సోమవారం ఆఫీసుకెళ్ళి చెప్తే మా లీడ్ ఒక్కటే అడిగాడు, "ఐదు ఎందుకు పెట్టావ్?" అని. నా దగ్గర సమాధానం లేదు. పాత ప్రాజెక్టు స్క్రిప్టులో ఐదు ఉంది, అలాగే వాడేశాను. ఈరోజు ఎపిసోడ్ అంతా ఆ ప్రశ్న గురించే. ఆ "ఐదు" ఎక్కడి నుంచి వచ్చింది? గీతల్ని శుభ్రం చేయాలని మనుషులకి ఎప్పుడు, ఎందుకు తోచింది?

ముందు మెష్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మెష్ అంటే వల. నేలని చిన్న చిన్న త్రిభుజాలుగా కోసి, ఒక్కో వలకన్నులో నీళ్ళు ఎంత ఉన్నాయి, పక్క కన్నులోకి ఎంత పోతున్నాయి అని లెక్కవేస్తాం. గట్టు, రోడ్డు, కాలువ అంచు లాంటివి గీతలుగా ఇస్తాం. త్రిభుజాల భుజాలు సరిగ్గా ఆ గీతల మీదే కూర్చోవాలి. గీత వంకరైతే వల వంకర. గీతలో చెత్త ఉంటే వలలో చెత్త.

ఇప్పుడు 1802కి వెళ్దాం. ఏప్రిల్ 10న, మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర, విలియం లాంబ్టన్ ఒక సరళరేఖ కొలవడం మొదలుపెట్టాడు. సుమారు 12 కిలోమీటర్ల గీత, ఉక్కు గొలుసు పరిచి కొలిచాడు. అంత కష్టం ఒక్క గీతకే ఎందుకంటే, దాన్ని మొదటి భుజంగా పెట్టుకుని తర్వాతవన్నీ కోణాలతోనే లెక్కకట్టాలి. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతా త్రిభుజం మన స్కూలు లెక్కే. ఆ త్రిభుజం మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి. అలా దేశం మొత్తం మీద త్రిభుజాల గొలుసు పరిచారు. దాన్నే 1818 నుంచి గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే అన్నారు.

మన హైదరాబాద్‌కి ఈ కథతో గట్టి సంబంధమే ఉంది. లాంబ్టన్ చాలాకాలం అక్కడ మకాం పెట్టి పనిచేశాడు. 1818 చివర్లో అక్కడే ఆయన దగ్గర సహాయకుడిగా ఒక కుర్రాడు చేరాడు. కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరం తెచ్చుకుని, కోలుకోడానికి 1820లో దక్షిణాఫ్రికా దాకా వెళ్ళాల్సి వచ్చింది అతనికి. పేరు జార్జ్ ఎవరెస్ట్. అవును, ఆ శిఖరం పేరు ఈయనదే.

సరే, మెష్‌కీ దీనికీ ఏంటి సంబంధం? ఒక లెక్క చూడండి. త్రిభుజంలో తెలిసిన భుజానికి ఎదురు కోణం 60 డిగ్రీలు అనుకోండి. దాన్ని కొలవడంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు, తప్పు వచ్చింది. దానితో లెక్కకట్టే భుజం 30 కిలోమీటర్లు అయితే తేడా సుమారు 5 మీటర్లు. అదే కోణం 5 డిగ్రీలు ఉండి, అంతే తప్పు జరిగితే? సుమారు 100 మీటర్లు. కొలిచిన మనిషి అదే, పరికరం అదే, తప్పు అంతే. కానీ త్రిభుజం ఆకారం ఆ తప్పుని ఇరవై రెట్లు పెంచేసింది. అందుకే సర్వేలో 30 డిగ్రీల కంటే సన్న కోణం రాకుండా చూసుకోవాలని నేర్పుతారు. బక్క త్రిభుజం వద్దు, నిండు త్రిభుజం కావాలి.

మరి మైదానంలో, చూడటానికి కొండే లేకపోతే? గుడి గోపురాలు ఎక్కేవారు. 1808లో తంజావూరు పెద్దగుడి మీదకి అరటన్ను బరువున్న థియోడలైట్‌ని తాళ్ళతో లాగుతుంటే తాడు తెగి, అది గోడకి కొట్టుకుంది. వంగిపోయిన ఆ చక్రాన్ని లాంబ్టన్ తనే కూర్చుని సరిచేసుకున్నాడు. అంత తిప్పలు ఎందుకంటే, మంచి త్రిభుజం రావాలంటే మంచి చోట బిందువు ఉండాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. లాంబ్టన్ బిందువుని ఎంచుకున్నాడు. మనకి ఆ అవకాశం ఉండదు. బిందువులు ఎక్కడుండాలో మనకొచ్చిన గీతలే తేల్చేస్తాయి. శుభ్రం చేయడం అంటే ఆ ఎంపికని కాస్త మన చేతుల్లోకి తెచ్చుకోవడం.

తర్వాత వందేళ్ళు గబగబా దాటేద్దాం. 1908లో జార్జి వొరొనాయ్ అనే గణితవేత్త, ప్రతి బిందువుకీ దగ్గరగా ఉన్న నేలని దానికి పంచే పద్ధతి మీద రాశాడు. 1934లో రష్యాలో బోరిస్ డెలానే ఒక నియమం చెప్పాడు. త్రిభుజం మూడు మూలల గుండా వృత్తం గీస్తే, ఆ వృత్తం లోపల ఇంకో బిందువు ఉండకూడదు. అంతే. ఇచ్చిన బిందువులతో వేయగలిగిన త్రిభుజాల్లో అతి సన్న కోణాన్ని వీలైనంత పెద్దగా ఉంచేది ఈ పద్ధతేనని 1970ల్లో తేలింది. లాంబ్టన్ కొండలెక్కి వెతుక్కున్న నిండు త్రిభుజాన్ని ఇక్కడ ఒక నియమం వెతికిపెడుతోంది.

1943లో రిచర్డ్ కూరాంట్ త్రిభుజాలుగా కోసి సమీకరణాలు సాధించే దారి చూపించాడు. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అనే నలుగురు విమానం రెక్క ఎంత గట్టిగా ఉంటుందో ఇలాంటి ముక్కలతోనే లెక్కకట్టారు. 1960లో క్లఫ్ దీనికి ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టాడు. ఈరోజు బ్రిడ్జి, కారు, డ్యామ్ ఏది కట్టాలన్నా ఈ పద్ధతి ఉండాల్సిందే.

ఈ కూరాంట్‌దే ఇంకో పాత పని ఉంది. 1928లో ఫ్రీడ్రిక్స్, లెవీలతో కలిసి ఒక షరతు చెప్పాడు. సులువుగా చెప్పాలంటే, మనం లెక్కలో వేసే ఒక్కో కాలపు అడుగులో, అల ఒక వలకన్ను దాటి దూకేయకూడదు. అంటే కన్ను చిన్నదైతే అడుగు కూడా చిన్నది కావాలి. అల సెకనుకి 5 మీటర్లు పోతోంది, కన్ను 10 మీటర్లు అనుకోండి. రెండు సెకన్లకి ఒక అడుగు వేయొచ్చు. ఒక రోజు వరదకి 43,200 అడుగులు. ఇప్పుడు గీతల్లో ఎక్కడో ఒక చెత్త ముక్క వల్ల ఒక్క కన్ను 10 సెంటీమీటర్లు అయింది. ఒక్కటే! చాలా ప్రోగ్రాముల్లో ఆ ఒక్కదాని కోసం అన్నీ 0.02 సెకన్ల అడుగే వేయాలి. 43 లక్షల 20 వేల అడుగులు. సాయంత్రానికి అయిపోవాల్సిన రన్ నెల దాటినా అవ్వదు. లక్ష కళ్ళలో ఒక్క కన్ను చాలు కొంప ముంచడానికి.

మరి ఈ చెత్త ఎక్కడి నుంచి వచ్చింది? మనుషుల చేతుల్లోంచి. 1960లు, 70ల్లో కాగితం మ్యాపుని పెద్ద బల్ల మీద పరిచి, చేతిలో పరికరంతో గీత వెంబడి నడుపుతూ బిందువులు నొక్కేవారు. చెయ్యి వణుకుతుంది. రెండు గీతలు కలవాల్సిన చోట ఒకటి కాస్త ముందే ఆగుతుంది, అది అండర్‌షూట్. లేదా కాస్త దాటిపోతుంది, అది ఓవర్‌షూట్. ఇంకో పెద్ద తంటా ఉంది. పక్కపక్కన రెండు ఊళ్ళు ఉంటే మధ్య పొలిమేర ఒకటే కదా. కానీ మొదటి ఊరి పాలిగాన్‌కి ఒకసారి, రెండో ఊరికి ఇంకోసారి గీసేవారు. ఒకే గీత రెండుసార్లు గీస్తే ఎవరికైనా సరిగ్గా ఒకేలా వస్తుందా? మధ్యలో సన్నగా, గోటి ముక్కల్లాంటి పాలిగాన్లు పుడతాయి. వాటినే స్లివర్లు అంటారు. అవి ఏ ఊరివీ కావు, నేల మీద అసలు లేనే లేవు.

దీనికి మంచి విరుగుడు అమెరికా జనాభా లెక్కల శాఖలో దొరికింది. 1960ల చివర్లో వాళ్ళు డైమ్ అనే పద్ధతి తెచ్చి, 1970 సెన్సస్‌లో వాడారు. ఆలోచన ఎంత సింపుల్ అంటే, ఊరిని పాలిగాన్‌గా దాచకు, వీధి ముక్కని దాచు. ప్రతి ముక్కకీ నాలుగు విషయాలు రాయి. ఎక్కడ మొదలు, ఎక్కడ ఆఖరు, ఎడమ వైపు ఏ బ్లాకు, కుడి వైపు ఏ బ్లాకు. పొలిమేర ఒక్కసారే గీస్తావు కాబట్టి స్లివర్ పుట్టదు. పైగా తప్పులు వాటంతటవే బయటపడతాయి. ఒక బ్లాకు పేరున్న ముక్కలన్నీ ఏరి వరసగా పెడితే, గుడి చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు మొదలుపెట్టిన చోటికే రావాలి. రాలేదంటే ఏదో ముక్క తప్పిపోయిందని అర్థం. ఇక్కడ గమనించండి, కంప్యూటర్ తప్పుని పట్టిస్తోంది. దిద్దే పని మనిషిదే.

1970ల చివర్లో హార్వర్డ్‌లోని కంప్యూటర్ గ్రాఫిక్స్ లేబరేటరీ ఇంకో అడుగు వేసింది. ఒడిస్సీ అనే సాఫ్ట్‌వేర్‌లో రెండు వేరు వేరు మ్యాపులు ఒకదాని మీద ఒకటి వేసే ప్రోగ్రాం రాశారు, దాని పేరు వర్ల్‌పూల్. నేలల మ్యాపులో ఒక నది ఉంది, పంటల మ్యాపులో అదే నది ఉంది, రెండూ కొంచెం తేడాగా ఉన్నాయి. మీద మీద వేస్తే వేలకొద్దీ స్లివర్లు. అప్పుడు వాళ్ళు పెట్టిందే టాలరెన్స్. ఇంత దూరం లోపల ఉన్న రెండు బిందువులని ఒకటే అనుకో అని ప్రోగ్రాముకి చెప్పడం. చూశారా, నా "ఐదు" వంశవృక్షం ఇక్కడ దొరికింది.

వాళ్ళకి ఇందులో ఉన్న ప్రమాదం కూడా తెలుసు. క బిందువు ఖ కి దగ్గర, కలిపేశాం. ఖ బిందువు గ కి దగ్గర, కలిపేశాం. గ నుంచి ఘ. ఇలా పోతే చివరికి క ఎక్కడికి జరిగింది? టాలరెన్స్ ఐదే, కానీ బిందువు పదిహేను మీటర్లు నడిచింది. ఈ నడక ఆపడానికే బిందువులని గుంపులుగా చూసి కలిపే పద్ధతి పెట్టుకున్నారు. అంత జాగ్రత్త నా స్క్రిప్టులో లేదని వేరే చెప్పక్కర్లేదు.

ఒడిస్సీ మీద పనిచేసిన స్కాట్ మోర్‌హౌస్ తర్వాత ఎస్రి కంపెనీకి వెళ్ళాడు. 1982లో ఆర్క్‌ఇన్ఫో వచ్చింది. అందులో రెండు కమాండ్లు ఒక తరం మొత్తానికి కంఠతా వచ్చు. ఒకటి క్లీన్, రెండోది బిల్డ్. క్లీన్ కొడితే గీతలు కలిసిన చోటల్లా ముడి పడుతుంది, చిన్న చిన్న తోకలు తెగుతాయి, దగ్గర బిందువులు కలుస్తాయి. అద్భుతమైన పని. కానీ ఆ పేరు చూడండి, క్లీన్! ఆ మాట వినగానే మురికి పోయిందనే అనుకుంటాం. మురికితో పాటు ఇంకేం పోయిందో అడగాలనిపించదు.

ఇంతలో ఇంకో సమస్య. గీతల్లో బిందువులు మరీ ఎక్కువైపోయాయి. కాలువ అంచు మీద అరమీటరుకో బిందువు ఉంటే మెష్ కూడా అక్కడ అరమీటరు త్రిభుజాలే వేస్తుంది. బిందువులు తగ్గించాలి. 1972లో రామర్, 1973లో కెనడాలో డగ్లస్, ప్యూకర్ విడివిడిగా ఒకే ఉపాయం చెప్పారు. గీత మొదటి చివర, రెండో చివర తిన్నగా కలుపు. ఆ తిన్నని గీతకి అందరికన్నా దూరంగా ఉన్న బిందువు చూడు. అది హద్దు దాటి దూరంగా ఉంటే ఉంచు, అక్కడ గీతని రెండు చేసి మళ్ళీ ఇదే చెయ్. లేకపోతే మధ్యలోవన్నీ తీసేయ్.

డగ్లస్, ప్యూకర్ల వ్యాసం శీర్షికలో క్యారికేచర్ అనే మాట ఉంది. నాకు అది భలే నచ్చింది. బాపు నాలుగు గీతల్లో మనిషిని దించేసేవారు. ఏ గీత ఉంచాలో, ఏది వదలాలో ఆయనకి తెలుసు. అల్గారిథమ్‌కి తెలిసింది దూరం ఒక్కటే. అందుకే ఒక్కోసారి తగ్గించిన గీత తన మీద తనే దాటుకుంటుంది. కాలువ ఎడమ గట్టుని, కుడి గట్టుని విడివిడిగా తగ్గిస్తే రెండూ ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఇరుకు చోట కాలువే మాయమైపోతుంది.

ఇక చివరి మెట్టు, 1990లు. పాల్ చ్యూ, ఆ తర్వాత జిమ్ రప్పర్ట్, సన్న త్రిభుజం కనబడితే కొత్త బిందువు వేసి దాన్ని విరగ్గొట్టే పద్ధతులు ఇచ్చారు. 1995లో అచ్చయిన రప్పర్ట్ పద్ధతి, ఏ కోణమూ సుమారు 20 డిగ్రీల కంటే తగ్గకుండా చేస్తానని రుజువుతో సహా హామీ ఇస్తుంది. కానీ హామీకి షరతు ఉంది. మనం ఇచ్చిన గీతలే సన్న కోణంలో కలవకూడదు. నా గీతల్లో 2 డిగ్రీల కోణం ఉంటే ఏ మెషర్ అయినా ఏం చేస్తుంది? ఆ గీతల మీదే భుజాలు పెట్టాలి కాబట్టి ఆ సన్న మూల అలాగే ఉంటుంది. పాత పద్ధతి అయితే ఆ మూలలో బిందువులు వేస్తూనే ఉండిపోగలదు, ఆగదు.

అప్పుడే జొనాథన్ షూచుక్ ట్రయాంగిల్ అనే ప్రోగ్రాం రాశాడు. 2003లో దానికి విల్కిన్సన్ ప్రైజ్ వచ్చింది. కోడ్ రాసేవాళ్ళు ఆయన ఇంకో పని కూడా చూడాలి. ఒక బిందువు గీతకి ఎడమనా, కుడినా, సరిగ్గా గీత మీదా? ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది. కానీ 0.1కి 0.2 కలిపితే సరిగ్గా 0.3 రాని కంప్యూటర్ అది. బిందువు గీతకి అతి దగ్గరగా ఉంటే ఎడమని కుడి అనేస్తుంది, ప్రోగ్రాం పడిపోతుంది. షూచుక్ ఏం చేశాడంటే, ముందు మామూలుగా లెక్కించి, అనుమానం వచ్చినప్పుడు మాత్రమే ఇంకా లోతుగా లెక్కించే పద్ధతి పెట్టాడు. అనుమానం వస్తే ఆగి చూడటం. నాకు అప్పట్లో లేని అలవాటు అదే.

ఇప్పుడు మా మావయ్య తూము దగ్గరికి వద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఆ డెల్టా అంతా కాలువలు, గట్లు, మురుగు కాలువల మీదే బతుకుతోంది. అక్కడ మీటరు ఎత్తు గట్టు ఒక ఊరిని కాపాడుతుంది, మూడు మీటర్ల ఖాళీ ఒక ఊరిని ముంచుతుంది. 1986 ఆగస్టు వరద గురించి పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తూనే ఉంటారు. అలాంటి చోట నేను ఐదు మీటర్లు అనే అంకె వేశాను. అంటే "ఈ నేల మీద ఐదు మీటర్ల కంటే చిన్నది ఏదీ లెక్కలోది కాదు" అని ప్రకటించాను. అక్కడ బతికేవాళ్ళని అడగకుండా.

స్క్రిప్టు మూసిన ఖాళీలు మొత్తం 412. రెండు రోజులు కూర్చుని ఒక్కోటీ శాటిలైట్ ఫోటో మీద పెట్టి చూశాను. చాలావరకు నిజంగా చేతి పొరపాట్లే. 26 మాత్రం నిజం ఖాళీలు. అవి తెరిచి మళ్ళీ రన్ చేస్తే, మావయ్య పొలం ఉన్న వైపు నీలం రంగు వచ్చింది. డ్రాఫ్ట్ మ్యాపు అప్పటికే క్లయింట్ దగ్గరికి వెళ్ళిపోయింది. తప్పు ఒప్పుకుని, కొత్తది పంపించాం. అదృష్టం, అప్పటికి దాన్ని బట్టి ఎవరూ ఏ నిర్ణయం తీసుకోలేదు.

అప్పటి నుంచి నా వరస ఇది. వచ్చిన ఫైలుని ముట్టుకోను, కాపీ మీదే పని. ముందు అన్నిటినీ మీటర్లలోకి ఒకే ప్రొజెక్షన్‌కి తెస్తాను. డిగ్రీల్లో ఉండగా టాలరెన్స్ పెడితే అది అంకె కాదు, జూదం. తర్వాత డూప్లికేట్ గీతలు తీస్తాను, గీతలు దాటిన చోట ముడి వేస్తాను. పొలిమేరలు ఉమ్మడిగానే తగ్గిస్తాను, విడివిడిగా కాదు. బిందువుల మధ్య దూరం నాకు కావాల్సిన త్రిభుజం సైజుకి తగ్గట్టు సర్దుతాను. ఖాళీలు మాత్రం మిషన్ చేత మూయించను, లిస్టు తీయిస్తాను. తూములు, కల్వర్టులు, గండ్లు ముందే గుర్తుపెట్టి వాటికి తాళం వేస్తాను. మెష్ అయ్యాక అతి సన్న కోణం ఎక్కడుంది, అతి చిన్న కన్ను ఎక్కడుంది అని చూస్తాను. ఇక టాలరెన్స్ ఎంత పెట్టినా, పక్కనే ఎందుకో ఒక్క వాక్యం రాస్తాను. రాయలేకపోతే ఆ అంకె వాడను.

లాంబ్టన్ నుంచి షూచుక్ దాకా అందరూ ఆకారం చెడితే తప్పు ఎంత పెరుగుతుందో కనిపెట్టి, దాన్ని ఆపే దారులు ఇచ్చారు. గీతలో ఖాళీ చేతి వణుకా, తూమా అన్నది మాత్రం ఏ అల్గారిథమూ చెప్పలేదు. దానికి ఫోటో చూడాలి, లేదా అక్కడ ఉన్నవాళ్ళని అడగాలి.

మొన్న మళ్ళీ ఊరెళ్ళినప్పుడు కొత్త మ్యాపు చూపించాను. మావయ్య వేలితో గట్టు వెంబడి నెమ్మదిగా జరుపుకుంటూ వచ్చి, తూము దగ్గర ఆపాడు. "ఆఁ, ఇక్కడే" అన్నాడు. తర్వాత వేలు ఇంకా ముందుకి జరిపి, "మరి ఆ చివర చేపల చెరువులోళ్ళు కొత్తగా గండి కొట్టారు, అది వేశావా?" అని అడిగాడు.

వేయలేదండీ. ఆ పని మీదే ఉన్నాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.